మైనస్ నూట తొంభై ఆరు

శవం దగ్గరికి వెళ్ళాలంటే ముందు కంపును దాటాలి.

ఫిషింగ్ హార్బర్ వెనక రొయ్య పొట్టు ఎండబోసే దొడ్డి అది. ఎండ ఎక్కేకొద్దీ అక్కడి గాలి ముక్కుతో ఆగదు, గొంతులోకి దిగి కూర్చుంటుంది. ఏజెంట్ విజయరత్నం రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ప్యాంటు మడమల పైకి లాక్కుని, ఒక్కో అడుగూ ఏరుకుంటూ నడిచాడు. విశాఖపట్నంలో పుట్టి చేప వాసన గిట్టని మగాడు వాడొక్కడేనని వాళ్ళమ్మ కృపావతి ఇప్పటికీ చర్చిలో అందరికీ చెప్పి నవ్వుతుంది. డిపార్ట్‌మెంట్ ఫైల్లో మాత్రం అదే సంగతి గౌరవంగా రాశారు: వాసన పసిగట్టడంలో అసాధారణ ప్రజ్ఞ. ఆ ప్రజ్ఞ పుణ్యమా అని ఊళ్ళో ఏ మురికికాలవలో ఏది తేలినా ఇతన్నే పిలుస్తారు.

చనిపోయినవాడు తిరుమలరావు, ఒక కొరియర్ కంపెనీ వ్యాన్ డ్రైవర్. మెడ చుట్టూ సన్నటి తీగ గుర్తు. చెంపకు రొయ్య తొక్కలు అంటుకున్నాయి, ఈగలు లేవనంటున్నాయి. చంపినవాడు చంపాడు సరే, పొట్టు మీదికి ఈడ్చి పారేసి పోయాడు. మనిషికీ చెత్తకూ తేడా లేదనుకున్నాడు వెధవ. విజయరత్నం ముక్కుకు అడ్డం పెట్టుకున్న రుమాలు తీశాడు. వంగి, రుమాలు కొసతో ఆ చెంప మీది తొక్కలు దులిపాడు.

వ్యాన్ అక్కడే ఉంది. వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఉండాల్సిన స్టీలు ట్యాంకు లేదు.

అడ్డుతాడు దగ్గర మోటార్ సైకిలు హారన్ వినిపించింది. బండి మీద ఖాకీ చొక్కా, తలకు తువ్వాలు కట్టుకున్న మనిషి, పక్కగా గోనెసంచిలో కట్టిన అల్యూమినియం క్యాను. వాణ్ణి ఆపిన కానిస్టేబుల్ డ్రైవర్ వీర్రాజు అక్కణ్ణుంచే కేకేశాడు.

"గోపాలమిత్ర సార్. గేదెలికి ఎద సూదులేసీవోడు. ఆలీసమైతే సూది పన్జెయ్యదు, పోనిచ్చెయ్యమంటారా?"

క్యానులో గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్, నైట్రోజన్‌లో ఆంబోతుల వీర్యం. విజయరత్నం మొహం తిప్పుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు. బండి వెళ్ళిపోయింది. అంత కంపులోనూ ఒక్క క్షణం నిమ్మ, చందనం కలిసిన ఖరీదైన సెంటు వాసన తగిలింది. ఎవరో పెద్దాఫీసరు వచ్చి ఉంటాడనుకున్నాడు. ఎవరూ రాలేదు.

ఫోను మోగింది. "మాస్టారూ, మీవాడు గ్రామర్ క్లాసుకు రాలేదు" అంది ఆడగొంతు.

అంటే ఉన్నపళంగా రమ్మని.

*

ద్వారకా నగర్‌లో, బస్ కాంప్లెక్స్‌కు కూతవేటు దూరంలో, మూడో అంతస్తులో స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ సెంటరు ఉంది. నిజంగానే పిల్లలు వస్తారు, నిజంగానే పాసవుతారు. వెనక గదిలో మాత్రం కోస్తా మొత్తానికి గూఢచారి విభాగం చీఫ్ ధనలక్ష్మి కూర్చుంటుంది. వక్కపొడి నములుతూ, కళ్ళద్దాల మీదుగా చూస్తూ. ఆవిడ దగ్గర ఎవరికి ఎంత తెలియాలో అంతే తెలుస్తుంది. పక్క కుర్చీలో రక్తవ్యాధుల డాక్టరు దేవీప్రసాద్ ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని మొహం.

"పోయిందేమిటి?" అడిగాడు విజయరత్నం.

"సీసాలు. బొటనవేలంత సీసాలు" అన్నాడు డాక్టరు. "వాటిలో ఒక అమ్మాయి ప్రాణం."

ఆ అమ్మాయి పేరు పాంగి సుమిత్ర. పాడేరు దగ్గర కొండ ఊరు, నర్సింగ్ చదువుతోంది. సికిల్ సెల్ జబ్బు. నెలకోసారి ఎముకలు విరిచినట్టు నొప్పులు, ఆసుపత్రి, నెత్తురెక్కించడం. డాక్టరు చెప్పుకుపోతుంటే విజయరత్నం మొదట్లో వాచీ చూసుకున్నాడు. తర్వాత చూసుకోలేదు.

ఒంట్లో ప్రతి కణంలోనూ మొత్తం పుస్తకం ఉంటుందట. కంట్లో కణం దగ్గర కాలేయం తయారుచేసే పేజీ కూడా ఉంది, కానీ అది తెరవదు. ఏ పేజీ తెరవాలి, ఎంతసేపు, ఎప్పుడు మూసెయ్యాలి అని చూసుకోవడానికి కాపలా ప్రోటీన్లు తిరుగుతుంటాయి. కడుపులో ఉన్న బిడ్డ ఒక రకం హిమోగ్లోబిన్ వాడుకుంటుంది. పుట్టాక ఒక కాపలావాడు వచ్చి ఆ పసి పేజీ మూసేస్తాడు, పెద్దల పేజీ తెరుచుకుంటుంది. సుమిత్ర ఖర్మకొద్దీ పెద్దల పేజీలో ఒక్క అక్షరం తప్పు పడింది. దాంతో ఎర్రకణాలు కొడవలిలా వంగి నరాల్లో ఇరుక్కుంటాయి.

"మేం ఆ అక్షరం జోలికి పోలేదు" అన్నాడు డాక్టరు. "ఆమె మూలకణాలు బయటికి తీసి, ఆ కాపలావాణ్ణి ఆ డ్యూటీలోంచి తప్పించాం. మూసిన పసి పేజీ మళ్ళీ తెరుచుకుంది. ల్యాబ్ పరీక్షలో మంచి హిమోగ్లోబిన్ వచ్చింది."

"అంటే సస్పెండ్ చేశారన్నమాట" అంది ధనలక్ష్మి.

"రక్తకణాల్లో మాత్రమే మేడమ్. వేరేచోట్ల వాడి డ్యూటీ వాడు చెయ్యాల్సిందే. అక్కడా తీసేస్తే కొంప మునుగుతుంది. కణం నిలబడేదే అలా. ఎక్కువైతే తగ్గించుకోవడం, తగ్గితే పెంచుకోవడం, చాలనగానే ఆపడం. ఫ్రిజ్ చల్లబడగానే మోటారు ఆగదూ, అలా. ఆగడం మరిచిపోయిన కణాన్ని క్యాన్సర్ అంటాం."

అసలు సంగతి ఆ తర్వాత చెప్పాడు. కొత్త కణాలు పరవాడలోని నైట్రోజన్ స్టోర్‌లో భద్రంగా ఉన్నాయని చూసుకున్నాకే సుమిత్రకు మందులిచ్చి ఎముకల్లోని పాత మూలుగంతా ఖాళీ చేశారు. ఇప్పుడా పిల్ల ఒంట్లో నెత్తురు పుట్టే చోటే లేదు. తిరుమలరావు వ్యాన్‌లో ఆసుపత్రికి రావాల్సిన ఆ సీసాలు రాకపోతే చిన్న జలుబుకు కూడా పోతుంది.

"ఆ పిల్ల పాత కణాలు కొన్నయినా దాచలేదా?" అడిగాడు విజయరత్నం.

డాక్టరు తల దించుకున్నాడు. "దాచాం. అవీ అదే ట్యాంకులో ఉన్నాయి."

"రెండూ ఒకే బండిలో పంపిన మహానుభావుడెవరు?"

ధనలక్ష్మి ఇంకాస్త వక్కపొడి నోట్లో వేసుకుంది. విజయరత్నానికి చీదరేసింది. దొంగల మీద అసహ్యం ఎలాగూ ఉంది. ఈ తెలివితక్కువ పొదుపు మీద అంతకంటే ఎక్కువగా కలిగింది.

ధనలక్ష్మి బ్రీఫింగ్ పొడిపొడిగా సాగింది. ముఠా పేరు పెలికన్, విదేశీ ముఠా. మందుల రహస్యాలు దొంగిలించి పైదేశాల్లో అమ్ముతుంది. ఇక్కడి డాక్టర్లు చవగ్గా చేసిన పద్ధతంతా ఆ కణాల్లోనే రాసి ఉన్నట్టు లెక్క. వాళ్ళ వైర్‌లెస్ మాటల్లో సుమిత్రను "శాంపుల్" అంటున్నారు. సముద్రంలో ఎక్కడో పడవ కాసుకుని ఉంది, పొద్దుగూకగానే సరుకెత్తుకుని పోతుంది. మన మనిషి ఒకతె ముఠాలో ఉంది, కొరియర్ కంపెనీ కోఆర్డినేటర్ శ్రీసత్య. ఆమెను కలవాలి.

ఒక కళ్ళజోడు కూడా ఇచ్చింది. చల్లటి వస్తువులు నీలంగా కనిపిస్తాయట. పెట్టుకుని చూస్తే ఏసీ, నీళ్ళ సీసా, ధనలక్ష్మి మొహం నీలంగా కనిపించాయి. విజయరత్నం మారు మాట్లాడకుండా జేబులో పెట్టుకున్నాడు.

*

వెళ్తూ వెళ్తూ ఆసుపత్రిలో ఆగాడు. ఎందుకంటే అతనికే తెలీదు. "శాంపుల్" అన్న మాట చెవిలో జిగురులా అంటుకుంది, అదే కారణం కావచ్చు.

అద్దం అవతల మంచం మీద సుమిత్ర కూర్చుని ఉంది. గుండు, మొహానికి మాస్కు, ఒళ్ళో మడిచిన దుప్పటి. నర్సు ఫెబా ఇంటర్‌కమ్ నొక్కి ఇచ్చింది.

"పోలీసు సారా?" అంది సుమిత్ర.

"అలాంటివాణ్ణే."

"నా సీసాలు దొరికినాయేటి?"

"ఇంకా లేదమ్మా. వెతుకుతున్నాం."

సుమిత్ర నర్సింగ్ చదువుతున్న పిల్ల. తన ఒంట్లో ఏం లేదో, ఏం రావాలో ఆమెకు పూర్తిగా తెలుసు. ఒళ్ళోని దుప్పటి ఇంకో మడత వేసింది.

"సిన్నగా ఎతకండి సార్. నాను ఎక్కడికీ ఎల్లనేను కదా."

విజయరత్నం ఇంటర్‌కమ్ పెట్టేసి మెట్ల మీదుగా దిగాడు. లిఫ్టు కోసం ఆగలేకపోయాడు.

*

బీచ్ రోడ్డు హోటల్లో సముద్రం కనిపించే బల్ల. మెరిసే నల్లచీర, చెవులకు ముత్యాలు, తల తిప్పితే రెండు బల్లల అవతలివాళ్ళు కూడా తలతిప్పే అందం. విజయరత్నం కుర్చీ లాక్కుని కోడ్ చెప్పాడు.

"ఇక్కడ వంజరం వేపుడు బాగుంటుందంటారే."

"నాకు ముళ్ళంటే భయం" అంది శ్రీసత్య. కోడ్ కలిసింది.

వేపుడు మాట తల్చుకోవడానికే అతనికి వెగటు. పక్క బల్ల మీదికి నిజంగానే ఒక ప్లేటు వచ్చింది, దాంతో ముక్కు మూతపడినట్టయింది. ఆ వేపుడు వాసన అడుగున ఇంకేదో తెలిసిన వాసన తచ్చాడింది కానీ అందలేదు.

శ్రీసత్య గొంతు తగ్గించి గబగబా చెప్పింది. ట్యాంకు పోర్టులో ఉంది, రొయ్యల ఎగుమతి కంటైనర్‌లో. నంబరు ఇదీ. సాయంత్రం ఓడకెక్కిస్తారు. అదే తనకు తెలిసింది.

"తిరుమలరావుని ఎవరు చంపారు?"

"నాకు తెలియకుండా జరిగింది." కాఫీ కప్పు అంచు వేలితో తుడిచింది. "పాపం, మంచివాడు."

మంచివాడన్న మాట ఆవిడ నోట్లోంచి ఉమ్మి తుంపరలా వచ్చింది. విజయరత్నం లేచాడు.

*

పోర్టులో కంటైనర్ తలుపు తెరిస్తే పొగలాంటి చలి బయటికి దూకింది. లోపల నేలనుంచి కప్పుదాకా రొయ్యల అట్టపెట్టెలు. గడ్డకట్టినా కంపు కంపే, పైగా చలి పళ్ళున్నట్టు మొహాన్ని కొరుకుతుంది. కళ్ళజోడు పెట్టుకున్నాడు. అంతా నీలం. తీసి జేబులో పడేసి, తిట్టుకుంటూ పెట్టెలు లాగడం మొదలెట్టాడు. వీర్రాజు బయట పేర్చాడు. ఒక పెట్టె పగిలి రొయ్యలు మెడ మీదుగా చొక్కాలోకి జారాయి. విజయరత్నం ఆగి, కళ్ళు మూసుకుని, యేసయ్యను తల్చుకుని, మళ్ళీ లాగాడు.

చివరి వరుస వెనక స్టీలు ట్యాంకు దొరికింది. మూత తీశాడు. లోపల సీసాల్లేవు. నైట్రోజన్ లేదు. ఖాళీ.

అప్పుడు వెలిగింది. ఈ కంటైనర్‌లో చలి మైనస్ పద్దెనిమిది. సీసాలకు కావాల్సింది మైనస్ నూట తొంభై ఆరు. ఇక్కడ పెడితే కణాలు చచ్చిపోతాయని ముఠాకు తెలీదా? చచ్చిన కణాలు వాళ్ళకెందుకు? ఇంత పెద్ద ఓడను, ఇన్ని రొయ్యల్ని చూపించి తనను పూటంతా ఇక్కడ పడేశారు. సీసాలు వేరే నైట్రోజన్ పాత్రలోకి మారి ఎప్పుడో బయల్దేరాయి.

ట్యాంకు పిడి దగ్గరికి ముక్కు తీసుకెళ్ళాడు. ఇనుము, రొయ్య, దాని కింద సన్నగా నిమ్మ, చందనం.

ఈ వాసన బీచ్ రోడ్డు బల్ల దగ్గర వేపుడు కింద నక్కి ఉన్నదే. పొద్దున్న పొట్టు దొడ్డిలో మోటార్ సైకిలు మీదుగా పోయిందీ ఇదే. శ్రీసత్య సెంటు పూసుకున్న చేతులు ఈ ట్యాంకును పట్టుకున్నాయి, ఆ ఖాకీ చొక్కాను పట్టుకున్నాయి. రోజంతా గేదెల వెనక నిలబడేవాడు సెంటు వాసన కొట్టడమేమిటి? నైట్రోజన్ క్యాను బండికి కట్టుకుని ఊరంతా తిరిగినా ఎవరూ ఆపని మనిషి ఈ జిల్లాలో ఒక్కడే, గోపాలమిత్ర.

వాణ్ణి చేత్తో ఊపి పంపింది తను. ఆంబోతు వీర్యమని మొహం తిప్పుకుని.

"సార్, ఏటైనాది?" అన్నాడు వీర్రాజు.

విజయరత్నం ధనలక్ష్మికి ఫోను చేసి రెండు ముక్కల్లో సంగతి చెప్పి జీపెక్కాడు. జీవితంలో చాలా కంపుల్ని అసహ్యించుకున్నాడు. తనని తాను అంతగా ఎన్నడూ అసహ్యించుకోలేదు.

*

జీపు పరవాడ దారిలో థర్మల్ ప్లాంటు పొగ కిందుగా దూసుకుపోతుంటే ధనలక్ష్మి ఫోను కలిపింది. శ్రీసత్య హోటల్లోనే దొరికింది. పారిపోయే ప్రయత్నం కూడా చెయ్యలేదట. ఆవిడ ఫోన్లో బయటపడింది, ఖాకీ చొక్కావాడి పేరు నవీన్, హైదరాబాదులో బయోటెక్ మధ్యలో మానేసినవాడు. తీగ బిగించింది వాడే. చెక్‌పోస్టులన్నీ వాణ్ణి నవ్వుతూ పంపించాయి. ఆఖరున చూసింది ఎలమంచిలి వైపు, సముద్రం దారిలో.

"మాట్లాడతావా దాంతో?" అని ఫోను శ్రీసత్యకు ఇచ్చింది.

ఆమె గొంతు హోటల్లో ఉన్నట్టే మెత్తగా ఉంది. "విజయరత్నంగారూ, ఒక్కటి ఆలోచించండి. ఆ కణాలు బయటికి పోతే నాలుగు దేశాల్లో ఈ మందు తయారవుతుంది. వేలమంది బతుకుతారు. ఇక్కడ ఒక్కతే కదా."

"ఒక్కతే" అన్నాడు.

"లెక్క తప్పా?"

విజయరత్నానికి ఒక్క క్షణం ఆ లెక్క సరిగ్గానే అనిపించింది. ఆ వెంటనే తప్పు దొరికింది. పద్ధతి కావాలంటే కాగితాలు దొంగిలించొచ్చు. డాక్టర్ని కొనొచ్చు. ఒక పిల్ల మూలుగు ఖాళీ చేసేదాకా ఆగి, అప్పుడు సీసాలెత్తుకుపోయారు. ఆ ముందుచూపు చూస్తే తెలుస్తుంది వాళ్ళు ఎవర్ని బతికించడానికి వచ్చారో.

"లెక్క సంగతి తిరుమలరావు భార్యకు చెప్పుకో" అని ఫోను పెట్టేశాడు.

ఎలమంచిలి దాటి పచ్చటి పొలాల మధ్య రోడ్డు చీలిపోయింది. ఎటు పోవాలో తెలీదు. పొద్దు వాలుతోంది. వీర్రాజు మాత్రం తొణక్కుండా టీ బడ్డీ దగ్గర జీపు ఆపాడు.

"ఆగుతావేంటయ్యా?"

"సార్, మీరు పట్నపోలు. గోపాలమిత్ర బండి కనబడితే పల్లెలో ఒగ్గుతారేటి? మా ఊర్లోనైతే రోడ్డుకడ్డంగా మంచాలేసి ఆపీవోరు." బడ్డీవాడి వైపు తిరిగాడు. "బావా, గోపాలమిత్ర గానీ ఇలగొచ్చినాడేటి?"

బడ్డీవాడు టీ వడబోస్తూ చెయ్యి చూపించాడు. "వొచ్చినాడు. అసిరమ్మ పట్టుకుపోనాది."

*

అసిరమ్మ పాక రోడ్డు పక్కనే. చుట్టూ ఊరంతా చేరింది. ముర్రా గేదె గుంజకు కట్టి ఉంది, అరుస్తోంది. దాని వెనక నవీన్ నిలబడి ఉన్నాడు. భుజందాకా ప్లాస్టిక్ తొడుగు, మొహం నిండా చెమట. క్యాను అతని కాళ్ళ దగ్గరే ఉంది, గేదె తొక్కకుండా ఎత్తుగా పేడగుంట గట్టు మీద.

ముసలమ్మ చేతిలో బండి తాళం చెవి.

ముఠా ఎంతో తెలివిగా ఎంచుకున్న వేషం అది. పోలీసులు ఆపరు, పోర్టు వాళ్ళు ఆపరు, స్కానర్లు అడగవు. గేదె ఎదకొచ్చిన ఆడమనిషి ఆపుతుందని మాత్రం విదేశాల్లో కూర్చుని పథకం వేసినవాడికి ఎవరూ చెప్పలేదు. నవీన్ కాదన్నాడు, పనుందన్నాడు, వేరే ఊరు పోవాలన్నాడు. అసిరమ్మ తాళం లాక్కుంది. నలుగురు చేరారు. తుపాకీ తీస్తే గొడవ, పడవకింకా టైముంది. ఏదో చేసినట్టు నటించి పోదామనుకున్నాడు. ఇప్పుడు గేదె తోక పట్టుకుని, ముందుకెళ్ళలేక, వెనక్కి రాలేక నిలబడ్డాడు.

"ఏటి సేత్తన్నావురా అంతసేపు?" అంటోంది అసిరమ్మ. "ఇంతకుముందొచ్చినోడు టీ సల్లారకముందే అవగొట్టీసినాడు. నీకు పనొచ్చునా, రాదా?"

విజయరత్నం జీపు దిగడం నవీన్ చూశాడు. తొడుగు చెయ్యి చొక్కా కిందికి పోయి పిస్తోలుతో బయటికొచ్చింది. జనం వెనక్కి తగ్గారు. రెండో చెయ్యి క్యాను మూత పీకి పారేసింది. తెల్లటి పొగ అంచు మీదుగా కారింది.

"దగ్గరికొస్తే పారబోస్తా. అప్పుడు మీకూ ఉండదు, మాకూ ఉండదు."

"పారబోస్తే నీ పడవవాడు నిన్ను ఎక్కించుకుంటాడా?" అన్నాడు విజయరత్నం, ఒక్కో అడుగూ వేస్తూ. "తాళం చెవి కూడా లేదు నీ దగ్గర."

నవీన్ కళ్ళు ఒక్కసారి అసిరమ్మ వైపు తిరిగాయి. అంతలో గేదెకు ఓపిక అయిపోయింది. వెనక్కి ఒక్క తన్ను తన్నింది. పిస్తోలు ఎగిరి గడ్డివాములో పడింది. నవీన్ తూలుతూ, కసిగా, పోతూ పోతూ క్యానును కాలితో గట్టు మీంచి తోసేసి రోడ్డు వైపు పరుగెత్తాడు.

క్యాను పేడగుంటలోకి జారింది.

అది వానలకు పేడ, మూత్రం, కుళ్ళిన గడ్డి కలిసి ముదిరిన గుంట. పైన పచ్చటి మీగడ, మీగడ మీద పురుగులు. విజయరత్నం ఎదట రెండు దారులున్నాయి. రోడ్డు మీద హంతకుడు, గుంటలో క్యాను. ఒరిగితే నైట్రోజన్ పోతుంది, మునిగితే లోపలికి పేడనీళ్ళు పోతాయి. పొద్దున్న ప్యాంటు తడవకుండా నడిచిన మనిషి అవేవీ ఆలోచించలేదు. దూకేశాడు.

నడుందాకా దిగాడు. వెచ్చగా ఉంది, అదే అన్నిటికంటే ఘోరం. క్యాను పక్కకు ఒరుగుతూ బుడగలు వేస్తోంది. రెండు చేతులా అందుకుని నిటారుగా లేపి గుండెకు హత్తుకున్నాడు. మూతి పేడకు జానెడు పైన నిలిచింది. ఇంకొక్క ఊపిరి ఆలస్యమైతే నిండేది. మూత లేదు, చలి పొగగా పోతోంది. జేబులోంచి రుమాలు లాగి ఉండచుట్టి మూతిలో వదులుగా కుక్కాడు. వేళ్ళకు పొగ తగిలి నిప్పు కాల్చినట్టయింది. చెయ్యి తియ్యలేదు. పేడ తుంపర నోట్లో పడింది. ఉమ్మడానికి కదిలితే క్యాను కదులుతుందని మింగేశాడు.

రోడ్డు మీద నవీన్ బండి కిక్కు కొడుతున్నాడు. తాళం లేని బండి. వీర్రాజు తాపీగా వెళ్ళి వాణ్ణి కిందికి దించి, వాడి తలమీది తువ్వాలుతోనే చేతులు కట్టాడు.

అసిరమ్మ గుంట ఒడ్డుకొచ్చి నడుం మీద చేతులేసుకుంది.

"నాయినా, దొంగ సంగతి నాకక్కర్నేదు. నా గేదె సంగతేటి? ఆ డబ్బాలో ఉన్నాదేదో ఒకటియ్యి. సూదెవలిసేతనైనా ఏయించుకుంటాను."

విజయరత్నం పేడలోంచి పైకి చూశాడు. "అమ్మా, ఇందులో ఒక ఆడపిల్ల పానం ఉంది. దీంతోనే బతకాల."

ముసలమ్మ అతన్ని చూసింది, క్యానును చూసింది. కోపం దిగడానికి కాస్త టైం పట్టింది. తర్వాత వంగి, పడిపోయిన మూత వెతికి, చీర కొంగుతో తుడిచి అందించింది.

"అయితే ఎల్లు. గేదె మల్లీ ఎదకొత్తాది." కొంగు బొడ్లో దోపుకుంది. "పిల్ల మల్లీ రాదు కదా."

*

క్యానులో నైట్రోజన్ అడుగంటింది కానీ సీసాలు చెక్కుచెదరలేదు. డాక్టరు దేవీప్రసాద్ అన్ని పరీక్షలూ చేయించి, వాటిని సుమిత్ర నరంలోకి ఎక్కించాడు. పడవను కోస్టుగార్డు పట్టుకుంది. ముఠా పెద్దల గురించి శ్రీసత్య నోరు విప్పలేదు. ఆవిడకు జైల్లో సెంటు దొరకదని ధనలక్ష్మి చెప్పింది, ఎంతో తృప్తిగా. కళ్ళజోడు పేడలో పోయినందుకు రిపోర్టు అడిగింది. అసిరమ్మ గేదె కోసం అసలు గోపాలమిత్రను పంపే పని మాత్రం ఆవిడే స్వయంగా ఫోను చేసి చూసుకుంది.

విజయరత్నం మూడు రకాల సబ్బులు మార్చాడు. వీర్రాజు జీపు అద్దాలన్నీ దించుకునే నడుపుతున్నాడు. చర్చిలో పక్క బెంచీవాళ్ళు జరిగి కూర్చున్నారని కృపావతి బాధపడింది.

కొన్ని వారాలకు డాక్టరు ఫోను చేశాడు. కొత్త కణాలు మూలుగులో కుదురుకున్నాయి. పసి పేజీ తెరుచుకుంది. ఎంత కావాలో అంతే చేస్తున్నాయి, చాలనగానే ఆపుతున్నాయి. ఆ మాట డాక్టరు రెండుసార్లు చెప్పాడు. కానీ విజయరత్నానికి గుర్తుండిపోయింది అది కాదు. సీసాలు ఎక్కించిన రోజు సాయంత్రమే అతను ఆసుపత్రికి వెళ్ళాడు, వేళ్ళకు కట్టుతో, మళ్ళీ మెట్ల మీదుగానే.

ఫెబా మందుల ట్రేతో సుమిత్ర గది తలుపు తీసింది. లోపలి గాలి కారిడార్‌లోకి గుప్పున కొట్టింది. కుళ్ళిన వెల్లుల్లి, ఉడికిన మొక్కజొన్న కలిసినట్టు దారుణమైన వాసన. కణాలు గడ్డకట్టినప్పుడు పగలకుండా కలిపే మందు అదని, రెండు రోజులు ఊపిరిలోనూ చెమటలోనూ అలా పోతుందని ఫెబా ముక్కు మూసుకుని చెప్పింది. విజయరత్నం అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టాడు. రుమాలు లేదు. అది క్యాను మూతిలోనే ఉండిపోయింది.

చెయ్యి బయటికి తీసి, గుండెల నిండా ఊపిరి పీల్చాడు. సీసాల్లోది ఇప్పుడు ఆ పిల్ల ఒంట్లో ఉందనడానికి అదే సాక్ష్యం. ఆ ఊళ్ళో అతనికి వెగటు పుట్టించని వాసన ఇన్నేళ్ళకు ఒకటి దొరికింది.

అద్దం అవతల సుమిత్ర ఇంటర్‌కమ్ అందుకుంది.

"కంపు కొడతన్నాను గదా సార్?"

"అబ్బే, లేదమ్మా."

"అబద్దమెందుకు సార్. అయినా మీకన్నా నయమేనంట. ఫెబా సిస్టర్ సెప్పింది."